కబినీ తీరమున చూడవలసినది

కన్నడదేశమున మైసూరు, కొడగు జిల్లాలందు 643 చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించియున్న నాగరహొళె జాతీయోద్యానమునకు హైదరాబాదునుండియు, బెంగుళూరునుండియు పోవు మనవారు, సఫారీ ముగించుకొని జీపు దిగినంతనే ఒకరినొకరు అడుగుకొను ప్రశ్న యొక్కటియే: పులి కనబడినదా? కనబడనిచో వెచ్చించిన సొమ్మంతయు వ్యర్థమైనదని చింతింతురు. ఈ యొక్క ప్రశ్నయే ఆ యడవికి నేడు కీడు చేయుచున్నదని నా దృఢాభిప్రాయము.

ఏలయన, పులి జాడ ఒక బండివానికి తెలిసినంతనే తక్కిన బండ్లన్నియు దుమ్ము రేపుకొనుచు ఆ చోటికే పరుగిడి, బాట దాటగోరు ఆ మృగమునకు అడ్డుగా నిలుచును. వన్యప్రాణికి 20 మీటర్లకంటె చేరువగా పోరాదని, 2012లో సుప్రీంకోర్టు పులుల అభయారణ్యముల అంతర్భాగములందు పర్యటనలను కొంతకాలము నిలిపివేసిన పిదప, కేంద్రమునుండి నియమములు వెలువడినవి. వానిని పాటింపవలసిన చోదకునికి ఇనాము ముట్టుట మాత్రము పులిని చేరువగా చూపినపుడే. అతనిని నిందించుటకంటె మన కోరికను సవరించుకొనుట న్యాయము.

ఆ యడవి యంచుననున్న కబినీ తీరమున చూడదగినది కొఱవడినదా? 1974లో ఆనకట్ట పూర్తియైన పిమ్మట ఏర్పడిన కబినీ జలాశయమున, వేసవి ముదిరి నీరు వెనుకకు తగ్గినకొలది, బయలుపడిన నేలపై లేతపచ్చిక మొలవగా, నాగరహొళెనుండియు, బందీపురమునుండియు, వయనాడునుండియు ఏనుగులు మందలు మందలుగా దిగివచ్చి, గున్నలను నడుమ నిడుకొని ప్రొద్దు గ్రుంకువరకు మేయును. ఆసియాఖండమున ఇన్ని యేనుగులు ఒక్కచోట చేరు తావులు మిక్కిలి అరుదు. ఈ ప్రాంతమునందలి కాకనకోట అడవులలోనే మైసూరు ప్రభువుల కాలమున, రాజాతిథులు చూచి వినోదించుచుండగా, ఏనుగులను గుంపులుగా తరిమి దడులలో బంధించు ఖెడ్డాలు జరిగినవి. ఆ యాచారము 1971 వరకు నిలిచినది. తరుమువారు లేక నేడు నిర్భయముగా మేయు మందలు ఎదుటనుండగా, ‘ఏనుగులే గదా, ముందుకు పోనిమ్ము’ అను మాట వినుట నాకు దుస్సహము.

పులియందు ప్రీతి గలవారైనను దుప్పులను, కణుజులను, అడవిదున్నలను ఉపేక్షింపరాదు. అవి సమృద్ధిగా నున్నచోటనే పులులు వర్ధిల్లునని వన్యప్రాణి శాస్త్రజ్ఞులగు ఉల్లాస కారంతుగారు 1986 నుండి ఈ యడవియందే సాగించిన పరిశోధన స్పష్టపరచినది.

కావున అటవీశాఖవారు ప్రతి సఫారీయందును కొంతసేపు బండిని ఒకేచోట, ఇంజను ఆపి, నిలుపవలెనని కట్టడి చేయవలెను. కొండముచ్చు కూతనుబట్టి, దుప్పి నిక్కిన చెవులనుబట్టి అడవిలో జరుగుచున్నదేమో చెప్పగల ఆదివాసులగు జేనుకురుబలలో పెక్కుమందిని ఈ యడవినుండియే వెలుపలికి తరలించియున్నారు. వారికి తగిన వేతనమిచ్చి, బండికొక్కరిని మార్గదర్శకులుగా నియమింపవలెను. ఈ రెండు పనులకును క్రొత్త చట్టములతో నిమిత్తము లేదు. రాబోవు వేసవికి పూర్వమే వీనిని ఆరంభింపవచ్చును.