అలల లెక్క ప్రగతినగర్‌ల, పోరగాండ్లు సూర్యలంకల

శుక్రారం పొద్దుమూకినంక పంజాగుట్ట కాడ గాని, అమీర్‌పేట మెట్రో కింద గాని ఒక్క గంట నిలవడి చూడున్రి. భుజాన బ్యాగులు, చేతుల చిప్స్ పాకిట్లు, మెడల ఇయర్‌ఫోన్లు. ప్రైవేట్ ట్రావెల్స్ బస్సు కోసం ఫోన్‌ల మ్యాప్ చూసుకుంట నిలవడ్డ పోరగాండ్లు గుంపులు గుంపులు అగుపడ్తరు. మైత్రీవనం దిక్కు కోర్సులు నేర్చుకునేటోళ్లు, ఎస్సార్ నగర్ హాస్టళ్లల్ల ఉండి గ్రూప్స్‌కు చదివేటోళ్లు, మొన్న మొన్ననే చిన్న నౌకరి దొరికినోళ్లు. జగిత్యాల, నారాయణపేట, తుంగతుర్తి, జహీరాబాద్ అన్ని దిక్కులోళ్లు ఉంటరు. ఎక్కడికి పోతున్నరు తమ్మీ అంటే ఒకడు గోవా అంటడు, ఒకడు వైజాగ్ అంటడు. పైసలు తక్కువున్నోడు బాపట్ల అంటడు. సూర్యలంక బీచ్. మూడొందల కిలోమీటర్ల పైన ఉంటది, రాత్రి ఎక్కితే తెల్లారేసరికి సముద్రం కాడ దిగొచ్చు.

వాళ్లల్ల చాలమందికి సముద్రం చూసుడే మొదటిసారి. సంతోషమే. నేను పోవద్దంటలేను. నేనడిగేది ఒక్కటే. రేపు అక్కడ అల ఎంత ఎత్తు లేస్తదో ఈ బస్సు కాడ నిలవడ్డోళ్లల్ల ఒక్కలకన్న ఎర్కనా?

ఎర్కలేదు. కని ఆ లెక్క తెలిసినోళ్లు బాపట్లల లేరు, ఢిల్లీల లేరు. ఈ పంజాగుట్టకు ఓ పదిహేను కిలోమీటర్ల దూరంలనే ఉన్నరు. కూకట్‌పల్లి దాటి జేఎన్‌టీయూ కాడ మలిగి పోతే ప్రగతినగర్ వస్తది. అక్కడ ఇన్‌కాయిస్ అని కేంద్ర సర్కార్ సంస్థ ఉన్నది. భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం అని తెలుగు పేరు. 1999ల పెట్టిన్రు. గుజరాత్ నుంచి బెంగాల్ దాక దేశం మొత్తం తీరానికి అల ఎంత లేస్తది, ఏ దిక్కుకెళ్లి వస్తది, గాలి ఎంత, నీళ్లల్ల ప్రవాహం ఎటు లాగుతది అని రోజులు ముందుగల్ల లెక్కగట్టి చెప్పేది వీళ్లే. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు ఒక్క హెచ్చరిక లేక కోస్తాల వందమందికి పైన కొట్టుకపోయిన్రు. దాని తర్వాత 2007ల సునామీ హెచ్చరిక కేంద్రం గూడ ఈడనే పెట్టిన్రు. ఇగ వానలు, తుపాన్ల ముచ్చట చెప్పే వాతావరణ కేంద్రమైతే ఇంకా దగ్గర, బేగంపేటల. అమీర్‌పేట నుంచి నడుసుకుంట పోవచ్చు.

సముద్రం లేని హైదరాబాద్‌ల సముద్రం లెక్కలు తయారైతయి. ఆ హైదరాబాద్ నుంచే పోయిన పోరలు ఆ లెక్కలు తెల్వక నీళ్లల్ల దిగుతరు. ఇసొంటి ఇచ్చంత్రం ఇంకెక్కడన్న ఉంటదా?

ఇన్‌కాయిస్‌ను నేను తిడ్తలేను, వాళ్ల పని వాళ్లు మంచిగనే చేస్తున్నరు. చేపలు ఎక్కడ దొరుకుతయో చెప్పుడు, వేటకు పోవద్దని చెప్పుడు, తెలుగుల గూడ పంపుడు. సముద్ర అని మొబైల్ యాప్ గూడ తీసిన్రు. తిప్పలెక్కడంటే, ఆ మాట ఎవలికి చెప్తున్నరు అన్న కాడ. ఏ బులెటిన్ విన్నా ఒక్కటే తీరు: ‘మత్స్యకారులు వేటకు వెళ్లరాదు.’ మంచిదే, వాళ్ల బతుకే దాని మీద ఉన్నది. కని మన హాస్టల్ పోరడు మత్స్యకారుడు కాదాయె. గది నా కోసం కాదు అనుకొని టీవీ చానల్ మారుస్తడు. మరి వాని కోసం చెప్పేది ఏ బులెటిన్?

ఇంకోటి. ‘అలలు 2.5 మీటర్లు’ అని చెప్తే జాలరాయనకు ఒంట్లె తెలుస్తది, గది ఏ సంగతో. మనకు అది ఒట్టి నంబర్. దాని వెనుక ముచ్చట జర చెప్త. లేచే అలలల్ల పెద్దయి మూడో వంతు తీసి, వాటి సగటు ఎత్తు చెప్తరు. అంటే 2.5 మీటర్లు అన్నరంటే అన్నీ గంతే ఉంటయని కాదు, నడుమ నడుమ ఒకటి రెండు దానికి ఇంచుమించు రెండింతలు గూడ లేవొచ్చు. పది నిమిషాలు ఒడ్డున నిలవడి చూసి ‘చిన్నగనే ఉన్నయిరా, దిగుదాం’ అనుకున్నోనికి పదకొండో నిమిషంల వచ్చేది ఆ అలనే. మీటరు పొడుగు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు నీళ్లంటే వెయ్యి కిలోల బరువు. నడుం మట్టం నీళ్లల్ల నిలవడ్డ మనిషిని కూలగొట్టనీకి పెద్ద అల గూడ అక్కర్లేదు.

మన దిక్కు పోరగాండ్లకు ఇంకో గండం ఉన్నది. వీళ్లకు ఈత వస్తది!

ఈత వచ్చుడు గండమెట్ల అయితది అంటరేమో. మనం ఈత నేర్చుకున్నది ఎక్కడ? నడుముకు బెండ్లు గట్టుకొని బాయిల, చెరువుల, కాలువల. బాయి నీళ్లు నిన్ను ఎటూ గుంజవు. అలసిపోతే మెట్టు పట్టుకుంటవు, మోటర్ పైపు పట్టుకుంటవు. కాలువ గుంజుతది గని ఒక్క దిక్కే గుంజుతది, రెండు గట్లు అగుపడుతుంటయి. ఆ ధైర్యం పట్టుకొనే సముద్రంల దిగుతం.

నేను గూడ అట్ల దిగినోన్నే. 2003ల నేను అమీర్‌పేటల ఉన్న. డిగ్రీ ఫెయిలై, ఏదో కంప్యూటర్ కోర్సుకు పైసలు గట్టి, ఒక్క రూంల ఆరుగురం. ఆ ఎండకాలం రైలెక్కి సూర్యలంక పోయినం. మా ఆరుగురిల ఒకడు బాయిల ఈతకు మొనగాడు, పై గడ్డ మీదకెళ్లి తలకిందులు దుంకేటోడు. ఒడ్డు పొడుగునా తెల్లటి నురుగుతోటి అలలు విరుగుతున్నయి. ఒక్క కాడ మాత్రం, ఓ పది గజాల జాగల, అల విరుగుతలేదు. నీళ్లు జర నల్లగ, నిమ్మళంగ ఉన్నయి. ‘ఈడ మంచిగున్నది’ అనుకుంట వాడు అందులకే దిగిండు. రెండు నిమిషాలల్ల వాని తల మాకు చింతగింజంత అగుపడింది. వాడు ఒడ్డు దిక్కు ఈత కొడ్తనే ఉన్నడు, ఎనుకకు పోతనే ఉన్నడు. మేం నవ్వుతున్నం, మమ్ముల బెదిరిస్తున్నడు అనుకున్నం. వల ఆరేసుకుంటున్న ఒక పెద్దాయన చూసి అరిసిండు, ఇద్దరు పడవ తోసుకపోయి గుంజుకొచ్చిన్రు. వాడు ఇసుకల బోర్లపడి కడుపుల నీళ్లు కక్కుతుంటే ఆ పెద్దాయన మమ్మల్ని తిట్టిన తిట్టు ఇప్పటికీ యాదున్నది. ‘అల ఇరగని చోట దిగుతారంట్రా ఎవరైనా, అది సముద్రం లోనకి లాక్కెళ్లే దారిరా’ అన్నడు.

ఆయన చెప్పిన దారినే సైన్సోళ్లు రిప్ కరెంట్ అంటరు. ఒడ్డుకు కొట్టిన నీళ్లన్నీ మళ్ల సముద్రంలకు పోవాలె గద. నీళ్ల కింద ఇసుక దిబ్బలు ఉంటయి, వాటి నడుమ సందు దొరికిన కాడికెళ్లి అవన్నీ ఒక్క పాయల జమై ఎనుకకు ఉరుకుతయి. అక్కడ లోతు ఎక్కువుంటది కాబట్టి అల విరగది. చూసేటోనికి అదే నిమ్మళమైన జాగ లెక్క కొడ్తది. దిబ్బలు జరుగుతుంటయి, నిన్న మంచిగున్న జాగ ఇయ్యాల ఉండకపోవచ్చు. గట్టిగున్నప్పుడు ఆ పాయ సెకండుకు రెండు మీటర్ల పైన గుంజుతది. 2024 పారిస్ ఒలింపిక్స్‌ల చైనా పోరడు 100 మీటర్లు 46.40 సెకండ్లల్ల ఈది ప్రపంచ రికార్డ్ కొట్టిండు. లెక్కగడ్తె అదీ సెకండుకు రెండు మీటర్ల చిల్లరనే. ఒలింపిక్స్ బంగారం కొట్టినోడు గూడ దానికి ఎదురు ఈదలేడు, మన బాయిల మొనగాడు ఎంత?

అండ్ల పడ్డోడు ఒడ్డు దిక్కు ఈత కొట్టొద్దు. ఆ పాయ వెడల్పు తక్కువనే, ఒడ్డుకు సమానంగ పక్కకు ఈదితే బయటపడ్తవు. ఈదే తాకత్ లేకుంటే మొఖం పైకి పెట్టి తేలాలె, చెయ్యి లేపి ఊపాలె. అది నిన్ను కిందికి ముంచది, లోపటికి గుంజుతది అంతే. ముంచేది ఆగమై ఎదురు ఈది అలసిపోవుడు. ఒడ్డున ఉన్నోడు ఉత్త చేతుల దుంకొద్దు. ఖాళీ నీళ్ల డబ్బానో, తాడో, ట్యూబో ఏదన్న విసరాలె, జాలరోళ్లను పిలవాలె, 112కు కొట్టాలె. ఒకని కోసం ఒకడు దుంకి దోస్తులు దోస్తులే పోయిన ముచ్చట్లు ఎన్ని చదవలేదు?

2022 జులై 29న అనకాపల్లి జిల్లా పూడిమడకల ఇంజనీరింగ్ పిల్లలు ఆరుగురు పోయిన్రు. 2024 జూన్‌ల బాపట్ల జిల్లా రామాపురం బీచ్‌ల ఏలూరు జిల్లా నుంచి వచ్చిన నలుగురు పోయిన్రు. జూన్, జులై అని గుర్తుపెట్టుకోండ్రి. నైరుతి గాలులు లేచే కాలం. మన దిక్కు అది తొలకరి, పరీక్షలైపోయి జర ఖాళీ దొరికే యాల్ల. ఆ యాల్లనే సముద్రం కోపం మీద ఉంటది.

మొగులు లేకుంటే భయం లేదనుకునుడు గూడ తప్పే. 2024 మే 6న కన్యాకుమారి జిల్లాల డాక్టర్ కోర్సు చేస్తున్న పిల్లలు ఐదుగురు సముద్రంల పోయిన్రు. దోస్తు పెండ్లికని వచ్చినోళ్లు. ఆ రోజు తుపాను లేదు. ఎక్కడో వేల కిలోమీటర్ల అవుతల, దక్షిణం దిక్కు మహాసముద్రంల లేచిన గాలులకు పుట్టిన పొడుగు అలలు రోజులకు రోజులు నడిచి మన ఒడ్డుకు చేరినయి. మలయాళంల దాన్ని కల్లక్కడల్ అంటరు, దొంగ లెక్క వచ్చే సముద్రం అని. ఇన్‌కాయిస్ ముందుగల్లనే హెచ్చరిక ఇచ్చింది. ఈ ప్రగతినగర్ నుంచే! ఆ మాట తీరం దాక పోయింది, ఆ ఐదుగురి చెవుల దాక పోలేదు, పోయినా అది ఎంత పెద్ద సంగతో తెలిసేటట్టు పోలేదు.

సావులైనంక సర్కార్లు చేసేది ఏంది? బీచ్ బందు పెడ్తరు. రామాపురం కాడ అయినంక బాపట్ల జిల్లాల బీచ్‌లకు కొన్ని దినాలు ఎవల్నీ పోనియ్యలేదు. మళ్ల తెరిచిన్రు. బందు పెట్టుడు అలకైన పని, పైస ఖర్చు లేదు. గోవాల చూడున్రి, 2008 నుంచి పైసలు పెట్టి బీచ్‌ల మీద లైఫ్‌గార్డులను నిలవెట్టిన్రు. జెండాలు ఉంటయి, ఎర్ర జెండా ఎగిరితే దిగొద్దు. అక్కడా సావులు లేవని కాదు, కని అడిగేటోడు, గుంజేటోడు ఒకడు ఉన్నడు. మన తెలుగు తీరం వెయ్యి కిలోమీటర్లు ఉండదా ఏంది, దాని మీద ఎన్ని కాడ లైఫ్‌గార్డ్ కుర్చీ అగుపడ్తదో పోయినోళ్లు చెప్పున్రి. పెద్దగ రిసార్టులు లేస్తయి, ఫోటో దిగనీకి పెద్ద అక్షరాలతోటి ‘ఐ లవ్’ అని బోర్డులు లేస్తయి. పక్కపొంటి ఊరి జాలరి పోరలకు జీతమిచ్చి, తాడు ట్యూబు ఇచ్చి నిలవెడితే ఆ బోర్డు ఖర్చుల ఎంత? సముద్రం వాళ్ల కంటే ఎక్కువ ఎవలికి తెలుసు? నాడు మావోన్ని గుంజినోళ్లకు మేం ఇచ్చింది రెండు చాయ్‌ల పైసలు. అవి గూడ వాళ్లు తీసుకోలేదు.

ఇగ తెలంగాణ దిక్కు. ‘మనకు సముద్రం లేదు గద, మనకేం సంబంధం’ అంటరు మన ఆఫీసర్లు. 2014 జూన్ 8న మనకు బియాస్ నది గూడ లేకుండె. హిమాచల్‌ల డ్యామ్ నీళ్లు వదిలితే హైదరాబాద్ ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు 24 మంది కొట్టుకపోయిన్రు. బండల మీద నిలవడ్డోళ్లకు సరైన హెచ్చరిక అందలేదు. శవాలు వచ్చింది మన ఊర్లకే. పిల్లలు మనోళ్లైనప్పుడు నీళ్లు ఎవలివైతే ఏంది?

నేను పెద్ద పెద్ద కమిటీలు అడుగుతలేను. మెట్రో స్టేషన్ల టీవీలు ఉన్నయి, పొద్దుందాక బంగారం దుకాణాలు, ప్లాట్ల అడ్వర్టైజ్‌మెంట్లు తిరుగుతయి. శుక్రారం, శనారం సాయంత్రం రెండు గంటలు అమీర్‌పేట స్క్రీన్ మీద ‘రేపు సూర్యలంక అల ఇంత, వైజాగ్ అల ఇంత, ఎర్ర గుర్తు ఉన్నది, దిగొద్దు’ అని వేస్తే ఏం పోతది? లెక్క ఉన్నది, సంస్థ ఉన్నది, స్క్రీన్ ఉన్నది. బస్సు టికెట్ బుక్ చేస్తే సీటు నంబర్, డ్రైవర్ నంబర్ మెసేజ్ వస్తది, బాపట్ల టికెట్ కొన్నోనికి అదే మెసేజ్‌ల అల ఎత్తు గూడ వస్తే ట్రావెల్స్ ఓనర్‌కు నష్టమా? హాస్టల్ గోడ మీద మెస్ బాకీల లిస్ట్ అంటిస్తరు గద, దాని పక్కన ఓ కాగితం.

అన్నిటికంటే ముందు ఎవలకు వాళ్లు చేసుకునే పని గూడ ఉన్నది. ఫోన్‌ల క్రికెట్ స్కోర్ చూసినట్టు ఇన్‌కాయిస్ పేజీ తెరిచి, పోయే జిల్లాకు అలర్ట్ ఉన్నదా చూసుడు. ఒడ్డున దిగంగనే జాలరోళ్ల పడవలు ఎక్కడున్నయో చూసుడు. పడవలన్నీ ఇసుకల పైకి గుంజి పెట్టి ఉన్నయంటే, ఆ దినం వేటకు పోలేదంటే, ఎందుకు పోలేదని అడుగుడు. వాళ్లే దిగని నీళ్లల్ల మనకేం పని?

పోయిన శుక్రారం నేను ఈ ముచ్చట పంజాగుట్ట కాడ ఓ ఐదుగురు పోరలకు చెప్పిన. నలుగురు నవ్విన్రు. ‘అన్నా, మాకు ఈత వస్తది’ అన్నరు. ఐదో తమ్ముడు, మక్తల్ దిక్కోడు, ఫోన్ తీసి ‘ఆ పేజీ పేరు ఏందన్నా, మళ్లొకసారి చెప్పు’ అన్నడు. బస్సు హారన్ కొడ్తుంటే పేరు టైప్ చేసుకుంటనే ఎక్కిండు.