ఏ నూనె దేనికి

సీసా చిన్నది, పిల్లల దగ్గు మందు సీసా అంత. లోపల నూనె, పైన అంటించిన కాగితం. కాగితం మీద పావురం బొమ్మ, సూటు వేసుకున్న దైవజనుడి ఫొటో, ఫోన్ నంబరు. ఏం పోశారో లేదు, ఎప్పుడు పోశారో లేదు. మా వీధి చివర జాకెట్లు కుట్టే అమ్మాయి దాన్ని నా చేతిలో పెట్టి, "వాసన చూడండి మాస్టారూ, మామూలు నూనె కాదిది" అంది. చూశాను. కొబ్బరినూనె వాసనే వచ్చింది. ఆ మాట పైకి అనలేదు. ఆమె కుడికాలి బొటనవేలికి కట్టు ఉంది, కట్టులోంచి ఇంకో వాసన వస్తోంది.

అమ్మాయి అంటున్నాను గానీ నలభై దాటిన మనిషి. ముప్ఫై ఏళ్ళ కిందట నా దగ్గర తొమ్మిదో తరగతి సామాన్యశాస్త్రం చదివింది, అందుకని ఇప్పటికీ నాకు అమ్మాయే. పదకొండేళ్ళుగా సుగరు, రెండేళ్ళుగా ఇన్సులిన్. చెప్పు కరిచి వేలు పుండు పడిన వారంలోనే మా టౌను హైస్కూలు గ్రౌండులో మూడు రోజుల స్వస్థత కూటాలు వచ్చాయి. రెండో రోజు సాయంత్రం నేనూ వెళ్ళాను. హేతువాదులు ఇలాంటి చోట్లకు వెళ్ళకుండానే మాట్లాడతారని ఒక నింద ఉంది. అందులో కొంత నిజమూ ఉంది.

ఏర్పాట్లు బాగున్నాయి. రెండు పెద్ద తెరలు, తెల్లచీరల వరసలు, చంటిపిల్లల తల్లులకు వేరే చోటు, మంచినీళ్ళ డ్రమ్ములు. పాటలు నిజంగా బాగున్నాయి. తర్వాత సాక్ష్యాలు మొదలయ్యాయి. ఒకాయన మైకు పట్టుకుని, తనకు సుగరు నాలుగు వందలు ఉండేదని, నూనె రాసి ప్రార్థన చేశాక నార్మల్ అయిపోయిందని చెప్పాడు. కీబోర్డు సరిగ్గా ఆ మాట దగ్గర పైకి లేచింది. గ్రౌండంతా "స్తోత్రం" అంది. ఆ నాలుగు వందలు తిన్న తర్వాతా, తినకముందా? ఏ ల్యాబులో? మాత్రలు వేసుకుంటూనే ఉన్నాడా? సాక్ష్యం అన్న ప్రక్రియలో ప్రశ్నకు చోటు లేదు. కోర్టులో సాక్ష్యం చెప్పేవాణ్ణి అవతలి వకీలు నిలబెట్టి అడుగుతాడు. ఇక్కడ పేరు అదే, వకీలు లేడు. ఆ వెంటనే కానుక సంచులు వరసల మధ్యకు వచ్చాయి, తెర మీద క్యూఆర్ కోడ్ వెలిగింది.

మన అమ్మాయి ఆ రాత్రి నుంచి ఇంజెక్షన్ మానేసింది. వేసుకుంటే దేవుణ్ణి నమ్మనట్టే కదా అని. పంతొమ్మిది రోజులు. ఇరవయ్యో రోజు జ్వరంతో ఆసుపత్రిలో చేరింది. బొటనవేలు తీసేశారు. పాదం దక్కింది, అదృష్టం. చూడటానికి వెళితే దుప్పటి సర్దుకుంటూ ఒకే మాట అంది: "నా విశ్వాసమే చాల్లేదేమో మాస్టారూ."

ఈ వ్యాసం ఆ ఒక్క మాట గురించే.

దేవుడున్నాడా లేడా అన్న వాదన ఇక్కడ నాకు అక్కర్లేదు. నా అభ్యంతరం చాలా చిన్నది: ఎటు పడ్డా ఓడని పందెం ఎవరూ కాయకూడదు. జబ్బు తగ్గితే నూనె మహిమ. తగ్గకపోతే రోగి లోపం. మధ్యలో నూనె తప్పు చేసే అవకాశమే లేదు. బడిలో నీలి లిట్మస్ కాగితం రంగు మారకపోతే కాగితానికి భక్తి చాల్లేదని ఎవరమూ అనలేదు. సీసాలో ఉన్నది ఆమ్లం కాదనుకున్నాం. వైద్యం చేతగానప్పుడు ఆ చేతగానితనాన్ని ఒప్పుకునే భాష వైద్యానికి ఉంది. స్వస్థత కూటానికి ఆ భాష లేదు. ఉన్నదల్లా ఈ ఒక్క వాక్యం. అది వేలు పోయిన మనిషి నోటనే పలుకుతుంది.

బైబిలు వైపు నుంచి చూసినా ఆ వాక్యం నిలబడదు. నూనెకు ఆధారంగా చూపేది యాకోబు పత్రిక అయిదో అధ్యాయం. అందులో ఉన్నది రోగి ఇంటికి సంఘపెద్దలు వచ్చి నూనె రాసి ప్రార్థించడం. రోగి గ్రౌండుకు వెళ్ళి వరసలో నిలబడి సీసా తెచ్చుకోవడం కాదు. ఇక పౌలు సంగతి. ఆయన తన శరీరంలో ముల్లు ఉందని, తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నానని, అది పోలేదని కొరింథీయులకు తానే రాశాడు. త్రోఫిమును జబ్బుతో మిలేతులో వదిలి వచ్చాడు. తిమోతికి కడుపు బాగుండకపోతే కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు, అంటే ఆ కాలపు మందు చెప్పాడు. పక్కనే లూకా అనే వైద్యుణ్ణి పెట్టుకుని తిరిగాడు. వీళ్ళలో ఎవరికి విశ్వాసం చాల్లేదంటారో మైకు పట్టుకున్నవాళ్ళు చెప్పాలి.

ఇంకో నూనె కథ ఉంది. అది మన నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిది. స్కాట్లాండు నుంచి మెథడిస్టు మిషన్ తరఫున వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, భర్తతో కలిసి 1915లో అక్కడ కుష్ఠు ఆసుపత్రి పెట్టింది. ధనం ఇచ్చినవాళ్ళలో స్థానిక దాత నర్సాగౌడ్ ఉన్నాడు. కుష్ఠు అంటే ఊరవతలకు నెట్టేసే రోజులు. ఆ ఆసుపత్రిలో చేసింది కూడా నూనె వైద్యమే. చాల్ముగ్రా జాతి గింజల నూనెను సూదిమందుగా మార్చి ఎక్కించేవాళ్ళు. కలకత్తాలో ఎర్నెస్ట్ మ్యూర్ వంటివాళ్ళు ఆ మందును ఎవరికి ఎంత ఇచ్చాం, మచ్చ ఎంత తగ్గింది, ఎవరికి తగ్గలేదు అని రాసుకుంటూ పోయారు. కొందరికి కొంత మేలు చేసింది, చాలామందికి చెయ్యలేదు. 1940ల్లో డాప్సోన్ జాతి మందులు రాగానే ఆ నూనెను పక్కన పెట్టేశారు. డాప్సోన్ ఒక్కటే చాలదని తేలాక 1980ల్లో రెండు మూడు మందులు కలిపి ఇవ్వడం మొదలైంది.

ఇసబెల్ కెర్ భక్తురాలే, ప్రార్థన చేయకుండా రోజు మొదలుపెట్టి ఉండదు. కానీ ఆమె వాడిన నూనెకు ఓడిపోయే హక్కు ఉంది. ఓడిపోయింది కాబట్టే దాని స్థానంలోకి మంచి మందు వచ్చింది. హైస్కూలు గ్రౌండులో పంచిన నూనెను ఏ రోజూ ఎవరూ పక్కన పెట్టరు. ఎందుకంటే అది ఎప్పుడూ ఓడదు.

తెలుగునాట ప్రొటెస్టంటు మిషన్లు వచ్చిన తీరు చూస్తే, ఆసుపత్రుల నుంచి నూనెసీసాలకు వచ్చిన ఈ మార్పు ఎంత వింతగా ఉంటుందో. గుంటూరుకు 1883లో వచ్చిన అన్నా కుగ్లర్ 1898 నాటికి ఆడవాళ్ళకు, పిల్లలకు ఆసుపత్రి కట్టించింది. గుంటూరువాళ్ళకు అది ఇప్పటికీ కుగ్లర్ ఆసుపత్రే. వేలూరులో ఐడా స్కడర్ 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టింది. ఈ రోజుకీ చిత్తూరు వైపు నుంచి, నెల్లూరు వైపు నుంచి ఎంతమంది అన్ని మతాలవాళ్ళు అక్కడికి రిపోర్టుల సంచీతో వెళతారో రైలెక్కి చూస్తే తెలుస్తుంది. ఒంగోలులో క్లౌ దొర సంగతి ఇంకా ఆసక్తికరం. 1876–78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. కానీ కరువు ఉన్నంతకాలం బాప్తీస్మాలు ఇవ్వడం ఆపేశాడు, అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. క్లౌను పొగడటం నా పని కాదు. ఆయన దొరతనం ఆయనకుంది. అయినా ఆకలిలో ఉన్నవాడి ఒప్పుకోలు ఒప్పుకోలు కాదన్న అనుమానం ఆయనకు వచ్చింది చూడండి, ఆ అనుమానం నొప్పిలో ఉన్నవాడి విషయంలో నేటి సభల వారికి ఎందుకు రాదు?

ప్రార్థన వల్ల జబ్బు తగ్గుతుందా అని కొలిచి చూసినవాళ్ళూ ఉన్నారు. ఇదేదో నాస్తికుల కుట్ర కాదు. మతం పట్ల సానుభూతి ఉన్న టెంపుల్టన్ ఫౌండేషన్ ఎక్కువ డబ్బు పెట్టింది. అమెరికాలో ఆరు ఆసుపత్రుల్లో గుండె బైపాస్ చేయించుకున్న 1,802 మందిని మూడు గుంపులు చేశారు. ఫలితాలు 2006లో వచ్చాయి. తమ కోసం ప్రార్థిస్తారో లేదో తెలియని రెండు గుంపుల్లో, ప్రార్థన జరిగినవాళ్ళలో 52 శాతం మందికి, జరగనివాళ్ళలో 51 శాతం మందికి ఆపరేషన్ తర్వాత చిక్కులు వచ్చాయి. అంటే తేడా లేదు. తమ కోసం ప్రార్థిస్తున్నారని ముందే తెలిసిన మూడో గుంపులో 59 శాతం! నా మీద ఇంత నమ్మకం పెట్టుకున్నారే అన్న బరువు మనిషిని ఏం చేసి ఉంటుందో డాక్టర్లు ఊహించారే గానీ తేల్చలేదు. నాకైతే ఆసుపత్రి మంచం మీద దుప్పటి సర్దుకుంటున్న మనిషి గుర్తొస్తుంది.

నూనె వెనకే విత్తనం. దేవుడి సేవకుడికి డబ్బు పంపితే అది విత్తనమట, నూరంతలుగా పండుతుందట. ఈ విత్తనం మన నేలది కాదు. అమెరికాలో ఓరల్ రాబర్ట్స్ ప్రచారం చేసి, టీవీ బోధకులు పెంచి పెద్ద చేసిన పంట. దశమభాగం అడిగేటప్పుడు మలాకీ మూడో అధ్యాయం చదువుతారు, దేవుణ్ణి దోచుకోవద్దని. అదే అధ్యాయంలో మూడు వచనాల పైన కూలివాడి కూలి ఎగ్గొట్టేవాళ్ళ మీద, విధవలను బాధపెట్టేవాళ్ళ మీద కోపం ఉంది. అది చదవగా నేను వినలేదు. ద్వితీయోపదేశకాండం మూడో ఏటి దశమభాగాన్ని పరదేశులకు, తండ్రిలేని పిల్లలకు, విధవరాళ్ళకు కూడా పెట్టమంటుంది. జాకెట్టుకు ఇంతని కుట్టుకూలి తీసుకునే మనిషి, లెక్కప్రకారం, ఇచ్చేవాళ్ళలో ఉండాలా పుచ్చుకునేవాళ్ళలో ఉండాలా? ఈ సంపద సువార్త బైబిలుకు విరుద్ధమని 2010లో కేప్‌టౌన్‌లో కూడిన లోజాన్ ఉద్యమం, అంటే ప్రపంచ ఎవాంజెలికల్ నాయకులే, రాతపూర్వకంగా చెప్పారు. ఆ సిద్ధాంతానికి పెద్ద మొహంగా ఉన్న బెన్నీ హిన్ కూడా సువార్తకు ధర కట్టడం తప్పని 2019లో అన్నాడు. ఆ కబురు మా టౌను తెరల దాకా రాలేదు.

ఇక్కడ కొందరు పాఠకులు తృప్తిగా తల ఊపుతూ ఉండొచ్చు. అందుకని చెప్పాలి. మృగశిర కార్తెనాడు హైదరాబాద్ నాంపల్లిలో ఉబ్బసానికి చేపమందు వేస్తారు. బారికేడ్లు కట్టేదీ చేపపిల్లల్ని సమకూర్చేదీ ప్రభుత్వమే. 2021 మేలో కృష్ణపట్నంలో కరోనా మందు కోసం జనం ఎలా విరగబడ్డారో అందరం చూశాం. ప్రభుత్వం కంటిలో వేసే చుక్కల్ని ఆపి, కొన్ని రకాలకు అనుమతి ఇచ్చింది. 1954 నాటి ఔషధాలు, మంత్రశక్తి నివారణల చట్టం మధుమేహాన్నీ కుష్ఠునూ కేన్సర్నూ పేరుపెట్టి, వీటికి మాయవైద్యం ప్రకటనలు ఇవ్వకూడదంది. తాయెత్తుకూ నూనెసీసాకూ అందులో తేడా లేదు. నూనెసీసాను మాత్రమే తిట్టేవాడు హేతువాది కాడు.

ఒక పక్కమాట. బాప్తీస్మపు నీళ్ళలో కులం కరిగిపోతుందన్న అద్భుతాన్ని ఈ దేశంలో అందరికంటే గట్టిగా నమ్మేది ప్రభుత్వం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితుడు షెడ్యూల్డు కులం కాడు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ తలుపు తెరిచారు. క్రైస్తవులైన దళితులకు మన దగ్గర ఉన్నది బీసీ–సీ, ఒక్క శాతం రిజర్వేషన్. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఈ ఉత్తర్వు మార్చమని తీర్మానం చేసింది. ఊళ్ళో ఎవరి వీధి ఎక్కడుందో, ఎవరి శ్మశానం ఎక్కడుందో చూస్తే నీళ్ళలో ఏమీ కరగలేదని తెలుస్తుంది. సర్టిఫికెట్టులో ఒక పేరు, మందిరంలో ఒక పేరు పెట్టుకుని బతికే మనిషికి ఆదివారం ఆ రెండు గంటలు ఎంత అవసరమో, కులం బరువు మొయ్యని నాబోటివాడు తొందరపడి చెప్పకూడదు.

ఆసుపత్రిలో నాకు ఎదురైన మనిషి కూటాల దైవజనుడు కాదు. ఆయన అప్పటికి ఇంకో జిల్లా గ్రౌండులో ఉన్నాడు. ఫ్లాస్కు పట్టుకుని వచ్చింది మా పేట రేకుల మందిరం పాస్టరు. అంతకుముందు రెండు రాత్రులు ఆమె మంచం దగ్గర ఆయన భార్యే కూర్చుందట. రక్తం కావాలంటే మందిరం కుర్రాళ్ళే ఇచ్చారట. మా హేతువాద సంఘం నుంచి వెళ్ళింది నేనొక్కణ్ణి, అదీ సాయంత్రం, పళ్ళు తీసుకుని. ఈ లెక్క మేం ఎప్పుడూ వేసుకోం.

వరండాలో ఆయన్ని అడిగాను, ఇంజెక్షన్ మానొద్దని మీరైనా చెప్పలేదేం అని.

"వాళ్ళు మూడు రోజులు వచ్చి వెళ్ళిపోతారు మాస్టారూ. ఆ తర్వాత మంచాల చుట్టూ తిరిగేది నేను" అన్నాడు.

"మరి ఆదివారం వాక్యంలో చెప్పొచ్చుగా?"

ఆయన ఫ్లాస్కు మూత బిగించి, మళ్ళీ తీసి, మళ్ళీ బిగించాడు. "చెబితే, మన అయ్యగారికే విశ్వాసం చాల్లేదంటారండీ."

అదే వాక్యం. రోగి దగ్గర మొదలై కాపరి దాకా వచ్చింది.

నెల దాటాక ఒక ఆదివారం ఆయన చెప్పాడట. ప్రార్థన అయ్యాక, పెళ్ళి ప్రకటనలకు ముందు, ఎవరూ డాక్టరు చెప్పకుండా మందులు ఆపొద్దని. మూడు కుటుంబాలు ఆ తర్వాతి వారం నుంచి బైపాస్ దగ్గర కొత్తగా పెట్టిన మందిరానికి మారిపోయాయి. ఈ సంగతి మన అమ్మాయే చెప్పింది, మిషను దగ్గర కూర్చుని, ఎడమకాలితో తొక్కడం అలవాటు చేసుకుంటూ. ఇన్సులిన్ వేసుకుంటోంది. సుగరు అంకెలు రాసుకునే చిన్న పుస్తకం బైబిలు కింద పెట్టుకుంది. నూనెసీసా మిషను బల్ల మీదే ఉంది, సగం ఖాళీగా.

"దాన్నిప్పుడు మిషనుకి వేస్తున్నావా ఏంటి?" అన్నాను నవ్వుతూ.

ఆమె నవ్వలేదు. "కొబ్బరినూనె వేస్తే జిగురుకట్టి పట్టేస్తుంది మాస్టారూ. దీనికి మిషనాయిలే వెయ్యాలి" అంది.