‘ఏకాంత నిర్బంధము’: ఒక పదవిచారము

ఖైదీని తక్కినవారినుండి వేఱుచేసి యొక్కనినే గదిలో మూసియుంచు శిక్షకు తెలుగున ‘ఏకాంత నిర్బంధము’, ‘ఏకాంతవాసము’ అను పేళ్లు వ్యాప్తిలో నున్నవి. హిందీయందును ‘ఏకాంత కారావాస్’ అనియే వ్యవహారము. ఈ పేరు శిక్షాస్వరూపమును తెలుపుటకు మాఱుగా కప్పిపుచ్చుచున్నది.

తెలుగువారికి ఏకాంతము కోరి పొందునది. యోగి దానిని వెదకికొని పోవును. తిరుమలలో రాత్రి స్వామిని శయనింపజేయుట ఏకాంతసేవ. రాజు మంత్రితో ఏకాంతమున మాటలాడెనన్నచో అచట నిరువు రున్నారు. అనగా ఏకాంతమున రెండవవానికి చోటు కలదు. వాని నెన్నుకొను స్వేచ్ఛయు కలదు. చెఱసాల గదిలో లేనివి ఈ రెండే.

1896లో ప్రారంభమై 1906లో పూర్తియైన అండమాను సెల్యులర్ జైలు ఇందుకు నిదర్శనము. ఏడు విభాగములలో దాదాపు ఏడువందల గదులు. ఒక్కొక్కటి పదమూడున్నర అడుగుల పొడవు, ఏడున్నర అడుగుల వెడల్పు. వెలుతురు వచ్చు కన్నము మనిషి కందనంత ఎత్తున నుండెను. ఒక విభాగపు ముఖము వేఱొక విభాగపు వీపును చూచునట్లు కట్టుటచే ఒకడు మఱియొకని మొగము చూచుటకు వీలులేదు. గోడలకు ఇంతకుమించిన పని యేమియు లేదు.

పేరుపై వివాదము న్యాయస్థానమువఱకు పోయినది. 1894 నాటి కారాగారముల చట్టము 30వ సెక్షను ఉరిశిక్ష పడినవానిని ప్రత్యేక గదిలో రేయింబవళ్లు కావలి నుంచవలెనని విధించెను. తీహారు జైలులోని సునీల్ బత్రా వ్యాజ్యమున ఇది కేవలము వేఱుపఱచుటయే యని ప్రభుత్వపక్షము వాదించెను. 1978లో సుప్రీంకోర్టు ఆ సెక్షను ఒంటరిశిక్ష విధించు నధికారమును జైలు అధికారుల కీయదనియు, అట్టి ఖైదీ తోడి ఖైదీల చూపునకు, మాటకు అందుబాటులో నుండవలెననియు తీర్పు చెప్పెను. 2015 నాటి ఐక్యరాజ్యసమితి నియమములును పేరును నమ్ముకొనలేదు. దినమునకు 22 గంటలు, అంతకు మించియు, సార్థకమైన మానవసంపర్కము లేకుండుటయే వాని నిర్వచనము. వరుసగా 15 దినములు మించినది నిషిద్ధము.

ఈ శిక్ష గతించినది కాదు. 1860 నాటి శిక్షాస్మృతియందలి 73, 74 సెక్షనుల విషయమే 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహిత 11, 12 సెక్షనులలో నిలిచినది. న్యాయస్థానము మొత్తముమీద మూడు నెలలకు మించకుండ, ఒక్క తడవకు 14 దినములకు మించకుండ దీనిని విధింపవచ్చును.

సంస్కృతపదము భారతీయ భాషల కన్నిటికి ఉమ్మడియగుట సౌకర్యమని కొంద ఱనవచ్చును. ఆ సౌకర్యము కాదనరానిది. కాని తమిళము ‘తనిమైచ్చిఱై’ యని తన మాటతోనే పని నడుపుకొనుచున్నది. తెలుగున ‘ఒంటరి’ యను మాట కలదు. తోడు లేమి, దిక్కు లేమి, రెండును దానియందు వినబడును. నిఘంటుకారులును, చట్టములను తెనిగించువారును ‘ఒంటరి నిర్బంధము’ అని వ్రాయుట యుక్తము. తనకు పడిన శిక్ష యేమో ఖైదీకి తన భాషలో తెలియవలెను. అది తపస్సువలె వినబడరాదు.