పెరగడమే తప్ప తరగని డిస్క్

క్లౌడ్‌లో సర్వర్ అద్దెకు తీసుకోవడం ఇప్పుడు రైలు టికెట్ బుక్ చేసుకున్నంత తేలిక. ప్రాసెసర్ ఎంత, మెమరీ ఎంత, డిస్క్ ఎంత అని అడుగుతుంది. మొదటి రెండింటి దగ్గర అందరూ తటపటాయిస్తారు. నిజానికి అవి రేపైనా మార్చుకోవచ్చు. ఆగి ఆలోచించాల్సింది మూడో గడి దగ్గర.

హైదరాబాద్‌లో అకౌంట్ల సాఫ్ట్‌వేర్ వ్యాపారం చేసే మిత్రుడొకాయనకు ఈ సంగతి ఆలస్యంగా తెలిసింది. జీఎస్టీ రిటర్నుల గడువుకు ముందురోజు రాత్రి ఆయన సర్వర్ డిస్క్ నిండిపోయింది. డ్యూటీలో ఉన్న కుర్రాడు, మళ్లీ ఈ బెడద రాకూడదని, ఒక టెరాబైట్ డిస్క్‌ను ఏకంగా నాలుగు చేశాడు. తీరా చూస్తే సీ డ్రైవ్ రెండు దాటి పెరగనంది. మిగతా రెండు టెరాబైట్లు కళ్లెదుటే ఉన్నాయి, వాడుకోవడానికి లేదు. బిల్లు మాత్రం నాలుగింటికీ వచ్చింది.

దీని మూలం 1983లో ఉంది. డిస్క్‌లో ఏ భాగం ఎక్కడ మొదలవుతుందో రాసిపెట్టుకునే ఎంబీఆర్ అనే పట్టిక ఆ ఏడాది ఐబీఎం పీసీలతో వచ్చింది. అందులో చిరునామాకు 32 బిట్లే కేటాయించారు. అంటే సుమారు 429 కోట్ల అరలు. ఒక్కో అరకు 512 బైట్ల చొప్పున లెక్క కడితే రెండు టెరాబైట్లు. మెగాబైట్లే గొప్పయిన ఆ రోజుల్లో అది అంతులేని స్థలం. దాని స్థానంలో వచ్చిన జీపీటీకి ఈ ఇబ్బంది లేదు కానీ, పాత తరహా వర్చువల్ మెషీన్లలో విండోస్ దాని నుంచి బూట్ కాదు.

పోనీ తగ్గించేద్దామా అంటే అదీ కుదరదు. అమెజాన్, మైక్రోసాఫ్ట్, గూగుల్ మూడూ డిస్క్‌ను పెంచనిస్తాయి, తగ్గించనివ్వవు. ఏ ఫైలు ఎక్కడుందో క్లౌడ్ సంస్థకు తెలియదు. చివర కత్తిరిస్తే తెగేది ఖాళీ స్థలమో, ఖాతాదారు లెక్కల పుస్తకమో! చిన్న డిస్క్ కొత్తగా తీసుకుని, అంతా కాపీ చేసి, పాతది వదిలించుకోవడమే దారి.

అలాగని మరీ పిసినారితనమూ పనికిరాదు. సర్వర్ నమూనా ఇమేజ్ 127 గిగాబైట్లయితే అంతకన్నా చిన్న డిస్క్ ఇవ్వరు. మైక్రోసాఫ్ట్ ప్రీమియం డిస్కుల్లో 129 గిగాబైట్లు అడిగితే 256 శ్లాబు ధర పడుతుంది, ఆటో మీటర్ లాగే. సర్వర్ ఆపేసినా డిస్క్ అద్దె ఆగదు. అమెజాన్ జీపీ2 రకంలోనైతే వేగం కూడా సైజును బట్టే, గిగాబైటుకు సెకనుకు మూడు ఆపరేషన్ల చొప్పున. 2020 డిసెంబరులో జీపీ3 వచ్చేదాకా వేగం కోసమే ఖాళీ స్థలం కొన్నవారు తక్కువేమీ కాదు.

మిత్రుడు రెండు ఆదివారాలు కూర్చుని అంతా సర్దుకున్నాడు. ఇప్పుడు విండోస్‌కు 128 గిగాబైట్లు, లెక్కలకు జీపీటీతో వేరే డిస్క్. అది 80 శాతం నిండగానే ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. కుర్రాడి ఫోన్‌కు, ఆయన ఫోన్‌కు కూడా.