బందరు ఉక్కకి 18 మందు కాదు

మన బందరు, గుడివాడ, అవనిగడ్డ వైపు చాలా ఇళ్ళల్లో ఏసీ కథ ఒకటే. పిల్లలు సెలవులకి వస్తారని కొంటారు. మనం వచ్చినన్నాళ్ళూ రిమోట్ మన చేతిలో, అంకె 18 మీద. మనం హాస్టల్‌కి బయల్దేరగానే అమ్మానాన్నలు దానికి కవరు తొడిగి, ఫ్యాన్ కింద పడుకుంటారు. అడిగితే "బిల్లు ఎవరు కడతార్రా?" అంటారు. నేననేది ఏంటంటే, వాళ్ళ భయానికి సగం కారణం మన 18. మన ఊరి గాలికి ఏసీ ఎలా వాడాలో ఇంజనీరింగ్ చదివే మనమే ఇంట్లో చెప్పకపోతే ఇంకెవరు చెప్తారు?

ఎండ వేరు, ఉక్క వేరు. రెంటచింతల ఎండ మాడ్చేస్తుంది, కానీ చెమట ఆరుతుంది. మన దగ్గర సముద్రం, కాలవలు, వరి చేలు, చేపల చెరువులు. చెమట పడుతుంది గానీ ఆరదు. ఒంటిని చల్లబరిచేది చెమట పట్టడం కాదు, ఆరడం. అందుకే 33 డిగ్రీలకే ప్రాణం ఉసూరుమంటుంది. మనకది చిరాకు. పెద్ద వయసువాళ్ళకి, గుండె జబ్బు ఉన్నవాళ్ళకి ప్రమాదం. ఏసీ అసలు అవసరమైంది వాళ్ళకే, దాన్ని ఆపేసుకునేదీ వాళ్ళే.

చిన్న లెక్క చూద్దాం. పది బై పన్నెండు గది, పదడుగుల ఎత్తు: సుమారు 34 ఘనపు మీటర్ల గాలి. 32 డిగ్రీలు, 80 శాతం తేమ ఉంటే అందులో దాదాపు 900 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. అదే 26 డిగ్రీలు, 55 శాతం తేమ అయితే 450 గ్రాములే. అంటే దాదాపు అర లీటరు నీళ్ళని ఏసీ పట్టి బయటికి పంపాలి. ఆ ఆవిరిని నీరుగా మార్చడానికి తీయాల్సిన వేడి వెయ్యి కిలోజౌళ్ళ పైమాటే. గదిలో గాలిని 32 నుంచి 26కి దించడానికి తీయాల్సింది 250 కిలోజౌళ్ళ లోపే! గోడలు, మంచం, మనుషుల వేడి వేరే లెక్క. తలుపు తీసినప్పుడల్లా కొత్త తేమ వస్తూనే ఉంటుంది. గదిలో తడి బట్టలు ఆరేస్తే ఇక చెప్పక్కర్లేదు, బట్టల్లో నీళ్ళు కూడా మన బిల్లులోకే.

తేమ మీద యుద్ధం ఏసీకి పుట్టుకతో వచ్చిందే. 1902లో విల్లిస్ కారియర్ తన మొదటి యంత్రాన్ని డిజైన్ చేసింది మనుషుల కోసం కాదు, న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్ కోసం. తేమకి కాగితం సాగి, రంగులు పక్కకి పోతున్నాయని.

కాబట్టి మనకి కావాల్సింది చలి కాదు, పొడి. 18 పెడితే గది త్వరగా చల్లబడుతుందనేది భ్రమ. 26 వచ్చేదాకా మెషిన్ పరుగు దాదాపు ఒకటే, ఆ తర్వాత కూడా ఆగకుండా పరిగెత్తడమే తేడా. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర విద్యుత్ శాఖ 2018లోనే చెప్పింది. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఏసీలన్నీ 24 డిగ్రీల డిఫాల్ట్‌తో రావాలనే నియమం వచ్చింది. నా మాట: 26 పెట్టండి, సీలింగ్ ఫ్యాన్ తక్కువ స్పీడులో తిప్పండి. వానాకాలంలో వేడి లేకుండా జిగటగా ఉండే రోజుల్లో డ్రై మోడ్ చాలు. "దుప్పటి కప్పుకుంటేనే ఏసీ మజా" అనేవాళ్ళతో నాకు గొడవ లేదు, ఆ మజా బిల్లు వాళ్ళే కడితే.

"ఎందుకైనా మంచిది, పెద్ద టన్ను తీసుకో" అనే సలహా కూడా వినకండి. చిన్న గదికి పెద్ద ఏసీ పెడితే గబుక్కున చల్లబరిచి ఆగిపోతుంది, తేమ తీసే టైమే ఉండదు. చల్లగా ఉంటుంది, జిడ్డుగానూ ఉంటుంది.

ఇక మెయింటెనెన్స్. రెండు వారాలకోసారి ఫిల్టర్ తీసి, కుళాయి కింద కడిగి, నీడలో ఆరబెట్టి పెట్టడానికి పది నిమిషాల పని. దుమ్ము మూసేస్తే గాలి ఆడదు, కాయిల్ మీద మంచు కడుతుంది, గోడ మీద నీళ్ళు కారతాయి. నీళ్ళు కారితే డ్రెయిన్ పైపు కూడా చూడాలి, నాచు పట్టిందేమో, వాలు సరిగ్గా ఉందో లేదో.

మన వైపు అసలు శత్రువు ఉప్పుగాలి. ఔట్‌డోర్ యూనిట్‌లో రాగి గొట్టం, దాని మీద అల్యూమినియం రేకులు. రెండు లోహాల మధ్య ఉప్పు తడి చేరితే అల్యూమినియం తినేయబడుతుంది, ఫస్టియర్ కెమిస్ట్రీలో చదివిందే. నెలకోసారి ఎంసీబీ ఆపి, ఆ రేకుల మీద మెల్లగా నీళ్ళు పోసి కడగాలి. ప్రెషర్ పెడితే రేకులు వంగిపోతాయి. నాగాయలంక, కోడూరు వైపు బోరు నీళ్ళే ఉప్పగా ఉండే ఇళ్ళున్నాయి. ఆ నీళ్ళతో కడిగితే ఉప్పుకి ఉప్పు కలిపినట్టే, మంచినీళ్ళే వాడాలి.

ఆఖరిది గ్యాస్. ఏటా వేసవి ముందు "గ్యాస్ అయిపోయింది, నింపాలి" అనే మాట వినిపిస్తుంది. ఏసీ గ్యాస్ బండిలో పెట్రోల్ లాగా ఖర్చయ్యేది కాదు, మూసిన గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకుంది. "ముందు లీకు ఎక్కడో చూపించండి, అతికాక నింపండి" అని అడగాలి. నిజాయితీగా పనిచేసే మెకానిక్ ఈ మాటకి నొచ్చుకోడు. కొత్త ఏసీల్లో ఎక్కువగా ఉండే ఆర్-32కి మండే గుణం కొంత ఉంది, అందుకని యూట్యూబ్ చూసి మనం ప్రయోగాలు చేయొద్దు.

ఈ సెమిస్టర్ సెలవుల్లో ఇంటికెళ్ళి చేయాల్సింది పెద్దగా ఏం లేదు. కవరు తీయండి. ఫిల్టర్ కడగండి. 26 పెట్టి ఫ్యాన్ వేయండి. మీటర్ రీడింగ్ రాత్రి ఒకసారి, పొద్దున్నే ఒకసారి రాసుకుని, ఎన్ని యూనిట్లు కాలాయో నాన్నకి చూపించండి. మన మాట నమ్మకపోయినా మీటర్ మాట నమ్ముతారు. మనం తిరిగొచ్చేశాక కూడా ఆ గదిలో ఏసీ నడుస్తుంటే, మనం చదివే థర్మోడైనమిక్స్ ఇంటికి ఉపయోగపడినట్టే.