ఇరుగు పొరుగు: కంచె అవతలి రోడ్డు

ఇల్లు కొనేటప్పుడు మనం ఏమేం చూస్తాం? తూర్పు గుమ్మం, మంచి బడి, దగ్గర్లో కిరాణా కొట్టు. ఊరి రోడ్ల పటం చూసేవాళ్ళు తక్కువ. మేమూ చూడలేదు.

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో 1990లో ఆరువేల పైచిలుకు జనం; 2020 లెక్కల్లో రెండు లక్షలు దాటారు. ఇలా పెరిగే ఊళ్ళు ఇళ్ళకంటే ముందే పెద్ద రోడ్ల పటం గీసి పెట్టుకుంటాయి. పొలాన్ని ప్లాట్లు చేసేటప్పుడే రోడ్డుకు జాగా వదిలిస్తాయి. మొదట రెండు వరసలు వేసి, రద్దీని బట్టి నాలుగు, ఆరు చేస్తాయి. కొత్త ఇళ్ళ వల్ల అవసరమయ్యే రోడ్ల ఖర్చులో కొంత ఆ కట్టడాల నుంచే రాబట్టుకోవడానికి అక్కడ 1987లోనే చట్టం వచ్చింది.

మా శివారూ అలాంటిదే. కంచె వెనక రోడ్డు వెడల్పు చేస్తామని నోటీసు రాగానే సభకు వెళ్ళి కోపంగానే అడిగాం. ఇంజనీరుగారు పటం పరిచి చూపించారు. మా ఇంటికి పునాది పడకముందే అందులో ఆ గీత ఉంది! మేము రోజూ ఆఫీసుకు వెళ్ళే రోడ్డూ ఒకప్పుడు ఇంకెవరి కంచె వెనకో వేసిందే కదా అని అప్పుడు తట్టింది. ఇక రోడ్డు వద్దనలేదు. పిల్లలు బడికి దాటే చోట సిగ్నలు, పక్కన నడకబాట కావాలన్నాం. రాసుకున్నారు.

అందుచేత మనవి: ఊరి నోటీసు వస్తే చెత్తబుట్టలో వేయకండి. సిమెంటు పోశాక అరిచేకంటే, గీత గీసేటప్పుడు అడగడం మేలు.