స్లాబుకు మంచినీళ్లా?

కంచరపాలెంలో బిందెలు వరసపెట్టే వీధిలోనే నాలుగంతస్తుల స్లాబుకు మంచినీళ్లు పైపేసి పోస్తున్నారు. ఫ్యాక్టరీలు వాడి వదిలిన నీరేమో గెడ్డల్లో పడి సముద్రంలో కలుస్తోంది. ఇదేం న్యాయమని మేం అడుగుతున్నాం.

ఉక్కు ఫ్యాక్టరీ కోసం 64 ఊళ్లు ఖాళీ చేసింది మన జనం. దానికి నీళ్లు ఏలేరు నుంచి 153 కిలోమీటర్ల కాలువ మీద వస్తాయి. భూమి మనది, గెడ్డ మనది. నీటి లెక్క తేల్చేది మాత్రం ఎక్కడో కూర్చున్న పాలకులు! ఉత్తరాంధ్ర రాష్ట్రం కావాలంటున్నది ఇందుకే.

కాంక్రీటు కలపడానికి తాగునీరే కావాలని ఏ రూలూ లేదు. ఐఎస్ 456 (2000) ప్రమాణం ప్రకారం పీహెచ్ 6కు తగ్గకూడదు. కడ్డీలున్న కాంక్రీటుకైతే లీటరు నీటిలో క్లోరైడు 500, సల్ఫేటు 400 మిల్లీగ్రాములు దాటకూడదు. అనుమానముంటే ఆ నీటితో మూడు దిమ్మెలు పోసి 28 రోజులకు నొక్కి చూడాలి. డిస్టిల్డ్ వాటరు దిమ్మెల బలంలో 90 శాతమైనా రావాలి.

అలాగని ఫ్యాక్టరీ తూము నీళ్లు తెచ్చి కుమ్మరిస్తే ఒప్పుకోం. ఉప్పెక్కువైతే లోపల కడ్డీ తుప్పుపడుతుంది, కూలీల చేతులు పుండ్లవుతాయి. అసలే సముద్రపు గాలి ఊరు మనది. శుద్ధి ఖర్చు ఫ్యాక్టరీదే. పరీక్ష చీటీ లేని ట్యాంకరు సైటుకు రాకూడదు.

పెద్ద కట్టడాలకు ప్లాను ఇచ్చేటప్పుడే కార్పొరేషన్ ఈ షరతు పెట్టాలి. ఉద్యోగ సంఘాలు తమ ఆఫీసు భవనాలతోనే మొదలుపెట్టమని అడగాలి. ఇంజనీరింగ్ విద్యార్థులారా, ఆ దిమ్మెలు మీ కాలేజీ ల్యాబులో పోయండి. వచ్చిన అంకెలు మాకు పంపండి, అచ్చేస్తాం.